ఆర్థిక సలహాదారు కావాలి: ఎల్-1 పిలవాలా, క్యూసీబీఎస్ పిలవాలా, నేరుగా ఇచ్చేయాలా?

మునిసిపల్ ఆఫీసు అకౌంట్స్ విభాగం నుంచి బయలుదేరే నోట్ ఫైళ్లలో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది. "ఈ పనికి అర్హత గల కన్సల్టెంటును నియమించుకొనుటకు అనుమతి కోరడమైనది." ఈ పని అంటే ఏ పని అని ఆరా తీస్తే, ఒకసారి నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నులు అవుతాయి. ఒకసారి పాత ఖాతాలను, ప్రతి లావాదేవీనీ రెండు వైపులా రాసే డబుల్ ఎంట్రీలోకి మార్చడం. మరోసారి బాండ్లు జారీ చేసి వంద కోట్లు తేవడం. మూడింటికీ అదే మాట, బీరువాలో ఉన్న అదే పాత టెండరు నమూనా, చివరికి తక్కువ కోట్ చేసినవారికే వర్క్ ఆర్డరు.

నేను పనిచేసిన ఒక పట్టణంలో ఖాతాల మార్పిడికి టెండరు పిలిచాం. అర్హతల పేజీని ఇంజినీరింగ్ విభాగం ఫైలు నుంచి తెచ్చుకున్నాం. అందులో "సీసీ రోడ్ల డీపీఆర్ (ప్రాజెక్టు నివేదిక) తయారీలో అనుభవం ఉండవలెను" అన్న షరతు అలాగే ఉండిపోయింది. ఇద్దరే బిడ్ వేశారు. ఇద్దరూ ఇంజినీర్లే. ఆ టెండరును రద్దు చేసి మళ్లీ పిలిచి, ఒకరిని కుదుర్చుకునేసరికి మార్చి దాటింది. 15వ ఆర్థిక సంఘం గ్రాంటు రావాలంటే ఆడిట్ అయిన ఖాతాలు అందరికీ కనిపించేలా వెబ్‌సైట్‌లో ఉండాలన్నది షరతు. మా ఖాతాలేమో ఇంకా పాత పుస్తకాల్లోనే ఉన్నాయి. ఆ ఏడాది గ్రాంటు కోసం తిరిగిన తిరుగుడు ఇప్పటికీ గుర్తుంది.

అప్పటినుంచి నేను ఎవరికైనా చెప్పేది ఒకటే. తక్కువ ధరకు ఇచ్చే ఎల్-1లోనా, నాణ్యత, ధర కలిపి చూసే క్యూసీబీఎస్‌లోనా, పోటీ లేకుండా నేరుగానా, ఏ పద్ధతిలో కొనాలన్నది రెండో ప్రశ్న. ఏం కొంటున్నామన్నది మొదటిది. దానికి జవాబు తేలితే రెండోది చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

సేవా, సలహానా, ఆడిటా?

కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి 2017ను అందరూ జీఎఫ్ఆర్ అంటారు. అది కన్సల్టెన్సీని ఒక గూటిలో, కన్సల్టెన్సీ కాని సేవలను వేరే గూటిలో పెట్టింది. తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు. పనిని లెక్కపెట్టగలిగి, ఎవరు చేసినా ఫలితం ఒకేలా రావాల్సి ఉంటే అది సేవ. వోచర్లు కంప్యూటర్‌లోకి ఎక్కించడం, బ్యాంకు రీకన్సిలియేషన్ (బ్యాంకు లెక్కను మన పుస్తకంతో సరిచూడడం), టీడీఎస్ రిటర్నులు ఈ కోవలోవి. చేసేవారి బుర్రను బట్టి ఫలితం మారేదైతే అది సలహా. ఆస్తిపన్ను డీసీబీ (డిమాండు, వసూలు, బకాయి లెక్క), నీటి చార్జీల వసూళ్లు, జీతాల భారం ముందు పెట్టుకుని, వచ్చే పదేళ్లలో ఈ ఊరు ఎంత అప్పు మోయగలదో చెప్పమంటే అది సలహా. ఈ రెండింటినీ ఒకే టెండరులో కలిపితే వోచర్లు ఎక్కించే సంస్థ వచ్చి అప్పు గురించి సలహా చెబుతుంది. పెద్ద సలహా సంస్థ గెలిస్తే వోచర్లు ఎక్కించే పనికి కూడా పెద్ద సంస్థ ధర కట్టాల్సి వస్తుంది.

మూడోది ఆడిట్. దీని దారి పూర్తిగా వేరు. ప్రభుత్వ కంపెనీ అయితే చట్టబద్ధ ఆడిటరును టెండరు పెట్టి కొనే వీలే లేదు. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 139(5) ప్రకారం ఆ నియామకం కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) చేస్తుంది. పురపాలక సంఘాలకు రాష్ట్ర ఆడిట్ శాఖ ఉంది. బయట కొనుక్కోగలిగేవి అంతర్గత ఆడిట్, ఖాతాల తయారీ, పన్ను సలహా, ఆస్తుల విలువ కట్టడం లాంటివే. ప్రభుత్వ కంపెనీ చట్టప్రకారం ఆస్తుల విలువ కట్టించాల్సి వస్తే రిజిస్టర్డ్ వాల్యుయర్ తప్పనిసరి. ఆ అర్హతను టెండరులో రాయడం మరిచిపోయిన వాళ్లున్నారు.

ఇక్కడ చాలామంది అధికారుల దృష్టికి రాని సంగతి ఒకటుంది. ఆడిట్, ధ్రువీకరణ లాంటివి చార్టర్డ్ అకౌంటెంట్లకు మాత్రమే చట్టం కేటాయించిన పనులు. అలాంటి పనులకు పిలిచే టెండర్లలో ప్రాక్టీసు చేసే సీఏలు పాల్గొనకూడదని వారి ఇన్‌స్టిట్యూట్ 2016లో మార్గదర్శకం పెట్టింది. టెండరు పత్రంలోనే కనీస ఫీజు పేర్కొంటే మాత్రం మినహాయింపు ఉంది. కాబట్టి కనీస ఫీజు రాయకుండా ఆడిట్‌కు ఎల్-1 టెండరు పిలిస్తే, నియమం పాటించే సీఏలు దూరంగా ఉంటారు, పట్టించుకోనివారు వస్తారు. మన టెండరే మంచివారిని జల్లించి పక్కన పెట్టినట్టు అవుతుంది. కనీస ఫీజు రాస్తే ఇంకో చిక్కు. వచ్చినవాళ్లందరూ సరిగ్గా ఆ కనీస ఫీజే కోట్ చేస్తారు. అందరూ సమానమైనప్పుడు ఎవరికి ఇవ్వాలో ముందే రాసి ఉండకపోతే చీటీలు తీయాల్సి వస్తుంది. అనుభవానికి, సిబ్బంది సంఖ్యకు మార్కులు పెట్టి, సమానమైతే ఆ మార్కులే తేలుస్తాయని పత్రంలో ఒక వాక్యం రాస్తే సరిపోతుంది.

నేరుగా ఇవ్వడం ఎప్పుడు చెల్లుతుంది

అన్నిటికంటే సుఖమైన దారి కాబట్టి దీని సంగతి ముందే మాట్లాడేద్దాం. ఒకే సంస్థను పిలిచి పని అప్పగించడానికి, అంటే నామినేషన్‌కు, జీఎఫ్ఆర్‌లో తలుపు లేకపోలేదు. ఇప్పటికే జరుగుతున్న పనికి సహజమైన కొనసాగింపు అయినప్పుడు, ప్రకృతి వైపరీత్యం లాంటి అత్యవసరంలో, ఆ నైపుణ్యం ఒక్కరి దగ్గరే ఉన్నప్పుడు ఇవ్వవచ్చు. కారణం ఫైలులో పూర్తిగా రాసి, తగిన అధికారి ఆమోదం తీసుకోవాలి. బహిరంగ పోటీ అన్నది మామూలు నియమమనీ, నామినేషన్ అరుదైన మినహాయింపనీ మీరట్ నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. ఆ తీర్పును ఎత్తిచూపుతూ కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2007లో అన్ని శాఖలకూ ఉత్తర్వు పంపింది.

"గతంలో వీరే చేశారు, బాగా చేశారు" అన్నది కొనసాగింపు కాదు. కొత్త పనికి కొత్త కారణం కావాలి. నిన్న అప్పు పునర్వ్యవస్థీకరణ మీద నివేదిక ఇచ్చిన సంస్థే నేడు బ్యాంకులతో చర్చల్లో కూర్చోవాల్సి వస్తే అది కొనసాగింపు. అదే సంస్థకు ఆస్తిపన్ను సంస్కరణల పని ఇస్తే అది మొహమాటం.

ఇంకో అలవాటు, ప్రభుత్వ సంస్థే కదా అని మరో ప్రభుత్వ సంస్థకు కళ్లు మూసుకుని ఇచ్చేయడం. ఇందులో తప్పేమీ లేదు, పని ఆ సంస్థ మనుషులే చేస్తే. కొన్నిచోట్ల పైన బోర్డు ఒకరిది, లోపల పని చేసేది బయటి సంస్థ. మధ్యలో నిర్వహణ ఖర్చు పేరిట కొంత శాతం కలుస్తుంది. ఉత్తరం రాసేముందు ఒక ప్రశ్న అడగండి: ఈ పని చేసే నలుగురి పేర్లు ఇవ్వగలరా, వారు మీ జీతం తీసుకునేవారేనా? జవాబు నసిగితే బహిరంగంగా పిలవడమే మేలు.

ఎల్-1: ఎక్కడ సరైనది, ఎక్కడ ఖరీదైనది

తక్కువ ధరకు ఇచ్చే పద్ధతిని తిట్టడం ఇప్పుడు ఫ్యాషనైంది. నాకు ఆ కోపం లేదు. పని ఎలా చేయాలో అందరికీ తెలిసినప్పుడు, ప్రమాణాలు స్థిరపడినప్పుడు ఎల్-1 కంటే శుభ్రమైన పద్ధతి లేదు. జీఎఫ్ఆర్ చెప్పేదీ అదే. మామూలు, ప్రామాణిక పనులకు తక్కువ ఖర్చు పద్ధతి వాడమంటుంది. అందులోనూ ముందు సాంకేతిక అర్హత చూసి, దాటినవారి ధరలే తెరవాలి. పన్ను రిటర్నులు, జీతాల లెక్కలు, పీఎఫ్ సర్దుబాట్లు, స్థిరాస్తుల రిజిస్టరు తయారీ వంటివి ఎల్-1కు ఇవ్వండి, నిశ్చింతగా ఉండండి.

చిక్కు వచ్చేది సలహాను ఇలా కొన్నప్పుడు. ఆర్థిక బిడ్ తెరిచే రోజు గుర్తు చేసుకోండి. కంప్యూటర్ ముందు కమిటీ సభ్యులు ముగ్గురు, డిజిటల్ సంతకం టోకెన్ గుచ్చి ఒక్కో బిడ్ తెరుస్తున్నారు. మొదటిది 38 లక్షలు, రెండోది 34 లక్షలు, మూడోది 6 లక్షలు. గదిలో ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఎవరో ఒకరు "మనకు 28 లక్షలు మిగిలాయండీ" అంటారు. ఆ మాట అనేముందు కాగితం మీద ఒక లెక్క వేయాలి. మనం అడిగిన బృందంలో నాయకుడికి 3 నెలలు, ఇద్దరు నిపుణులకు ఆరేసి నెలలు. మొత్తం 15 మనిషి-నెలలు. 6 లక్షలను 15తో భాగిస్తే నెలకు 40 వేలు. ఆ డబ్బుకు పదిహేనేళ్ల అనుభవమున్న ఆర్థిక నిపుణుడు ప్రయాణ ఖర్చులు తానే పెట్టుకుని మన ఊరికి వస్తాడా? రాడు. నిన్న మొన్న చేరిన కుర్రవాడు వస్తాడు, వేరే ఊరి నివేదికలో ఊరి పేరు మార్చి ఇస్తాడు. ఇలా అసాధారణంగా తక్కువ ధర వచ్చినప్పుడు లెక్క వివరం రాతపూర్వకంగా అడిగే హక్కు మనకు ఉంది. మా దగ్గర చాలామంది దాన్ని వాడరు, ఆడిట్ అభ్యంతరం వస్తుందేమోనని భయం. నిజానికి అడగకుండా ఇచ్చి, పని చెడిపోతే వచ్చే అభ్యంతరమే పెద్దది.

పెద్ద స్థాయిలో ఇది మరో రూపంలో కనిపిస్తుంది. 2010లో కోల్ ఇండియా వాటాల అమ్మకంతో కేంద్రానికి 15,000 కోట్లకు పైగా వచ్చింది. దాన్ని నడిపించిన మర్చంట్ బ్యాంకర్లు తీసుకున్న ఫీజు నామమాత్రం. అక్కడ వాళ్లకు వేరే లాభం ఉంది. దేశంలోనే పెద్ద ఇష్యూ చేశామన్న పేరు, ర్యాంకుల పట్టికలో పైస్థానం, ఆ పేరుతో వచ్చే ప్రైవేటు వ్యాపారం. జిల్లా కేంద్రంలోని పురపాలక సంఘం పనిచేస్తే ఏ పట్టికలోనూ పేరు పెరగదు. కాబట్టి ఢిల్లీలో అర రూపాయికి చేశారు, మాకెందుకు చేయరు అన్న వాదన ఇక్కడ నిలవదు.

క్యూసీబీఎస్: గెలిచేది ఎవరో మీ అంకెలే తేలుస్తాయి

నాణ్యతకు కొంత, ధరకు కొంత బరువు ఇచ్చి కలిపి చూసే పద్ధతి ఇది. జీఎఫ్ఆర్ ప్రకారం కన్సల్టెన్సీలో నాణ్యత బరువు ఎట్టి పరిస్థితిలోనూ 80 శాతం మించకూడదు. ఎక్కువ టెండర్లలో 70:30 ఉంటుంది. ఎందుకు 70:30 అని అడిగితే, గత టెండరులో అదే ఉంది కాబట్టి అంటారు. ఆ నిష్పత్తి ఎంత శక్తివంతమైనదో చూపించడానికి నేను శిక్షణ తరగతుల్లో ఒక చిన్న లెక్క వేయిస్తాను. మీరూ వేసి చూడండి.

మూడు సంస్థలు: క, ఖ, గ. సాంకేతిక మార్కులు వరుసగా 92, 80, 74. అడిగిన ఫీజు 60 లక్షలు, 42 లక్షలు, 30 లక్షలు. ధర మార్కులు కట్టేది అతి తక్కువ ధరను ఒక్కో ధరతో భాగించి వందతో గుణించి. అంటే కకు 50, ఖకు 71.43, గకు 100. కనీస అర్హత 70 మార్కులు అనుకుందాం. ముగ్గురూ పోటీలో ఉన్నారు.

70:30 నిష్పత్తిలో కకు 79.40, ఖకు 77.43, గకు 81.80. గ గెలిచింది. నాణ్యతకు 70 శాతం బరువు ఇచ్చామని మనం అనుకుంటున్నాం, ముగ్గురిలో నాణ్యత తక్కువగా ఉన్నదే గెలిచింది.

నిష్పత్తిని 80:20 చేయండి. కకు 83.60, ఖకు 78.29, గకు 79.20. ఇప్పుడు అన్నిటికంటే ఖరీదైన క గెలిచింది.

మళ్లీ 70:30కే వచ్చి, కనీస అర్హతను మాత్రం 70 నుంచి 75కు పెంచండి. గ బయటికి పోతుంది. ఇక అతి తక్కువ ధర 42 లక్షలు, కాబట్టి ధర మార్కులు మారతాయి: ఖకు 100, కకు 70. కలిపితే కకు 85.40, ఖకు 86.00. గెలిచింది ఖ.

అవే సంస్థలు, అవే మార్కులు, అవే ధరలు. గీత ఎక్కడ గీశామన్నదాన్ని బట్టి ముగ్గురిలో ఎవరైనా గెలవవచ్చు. అందుకే టెండరు విడుదలకు ముందు ఇలాంటి లెక్క పది రకాలుగా వేసి చూసుకోవాలి. ధర రెట్టింపైనా సరే నాణ్యత కావాలా, వద్దా అన్నది కమిషనరు, ఆర్థిక విభాగం కలిసి కూర్చుని ముందే అనుకోవాలి. బిడ్లు వచ్చాక అనుకోకూడదు. వచ్చాక అనుకుంటే దాని పేరు వేరే.

మార్కుల విషయంలో నాకు ఒక పట్టింపు ఉంది. ప్రజెంటేషన్‌కు 20, 30 మార్కులు పెట్టే టెండర్లు చూస్తే నాకు అనుమానం వస్తుంది. అనుభవానికి, మనుషుల అర్హతలకు ఇచ్చే మార్కులకు కాగితం ఆధారం ఉంటుంది. ప్రజెంటేషన్‌కు ఉండేది గదిలో కూర్చున్నవారి అభిప్రాయమే. 10 మార్కులు చాలు. అవి కూడా సభ్యులు విడివిడిగా వేసి సంతకం చేయాలి, చర్చించుకుని ఒక అంకె రాయకూడదు. సాంకేతిక మార్కులు ప్రకటించాకే ధరలు తెరవాలన్నది చెప్పనక్కర్లేదు.

ప్రజెంటేషన్‌లో ఇంకో మాయ ఉంది. ఆ రోజు హైదరాబాద్ నుంచో ముంబయి నుంచో సీనియర్ భాగస్వామి వస్తాడు. ఇంగ్లిషులో గలగలా మాట్లాడతాడు. కమిటీ ముగ్ధులవుతుంది. వర్క్ ఆర్డరు వెళ్లాక ఆయన మళ్లీ కనిపించడు. పెళ్లిచూపులకు వచ్చింది అన్న, పీటల మీద కూర్చున్నది తమ్ముడు అన్నట్టు ఉంటుంది వ్యవహారం. కాబట్టి పేరు పెట్టి మార్కులు వేయించుకున్న మనిషే పని చేయాలనీ, మార్చాలంటే సమాన అర్హత ఉన్నవారిని మన ఆమోదంతోనే మార్చాలనీ, కారణం లేకుండా మారిస్తే ఫీజులో కోత అనీ ఒప్పందంలో ఉండాలి. మాట్లాడాల్సింది కూడా ఆ బృంద నాయకుడే అని పిలుపులోనే రాయండి.

ఎంతమందిని పిలవాలి? జీఎఫ్ఆర్ లెక్కలో అంచనా నిర్ణీత పరిమితి దాటితే ఆసక్తి వ్యక్తీకరణకు బహిరంగ ప్రకటన ఇవ్వాలి. ఆ లోపు అయితే విచారించి జాబితా తయారుచేసుకోవచ్చు. వడపోతలో కనీసం ముగ్గురు మిగలాలి. రాష్ట్ర సంస్థలకు, పురపాలికలకు రాష్ట్ర నియమాలు వర్తిస్తాయి, ప్రభుత్వ కంపెనీలకు సొంత కొనుగోలు విధానాలు ఉంటాయి. డబ్బు ఎవరిదైతే నియమం వారిది కావడం కూడా ఉంది. అమరావతికి ప్రపంచ బ్యాంకు 2024 డిసెంబరులో 80 కోట్ల డాలర్ల రుణం ఆమోదించింది. అలాంటి రుణంతో సాగే పనుల్లో బ్యాంకు కొనుగోలు నిబంధనలు చూడకుండా మన నమూనా వాడితే ఫైలు వెనక్కి వస్తుంది.

బడ్జెట్ ముందే చెప్పేయడం, ప్యానెల్ నుంచి తీసుకోవడం

ఈ రెండూ మన దగ్గర తక్కువగా వాడతారు. వాడాల్సినవి. మొదటిదానిలో మన దగ్గర ఉన్నది 20 లక్షలు అని టెండరులోనే చెప్పేస్తాం. ఆ డబ్బుకు ఎవరు ఎక్కువ నాణ్యత ఇస్తే వారికే పని. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరు ఆదేశాలతో దీనికీ దారి తెరిచింది. పని హద్దులు స్పష్టంగా ఉండి, ఖర్చు ఎంతవుతుందో మనకు తెలిసిన చోట ఇది చక్కగా పనిచేస్తుంది. అంచనా మాత్రం నిజాయతీగా వేయాలి. 40 లక్షల పనికి 15 లక్షలు రాస్తే ఎల్-1కు మరో పేరు పెట్టినట్టే.

ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య ప్రాజెక్టులకైతే కేంద్ర ఆర్థిక వ్యవహారాల శాఖ 2022లో 12 ట్రాన్సాక్షన్ అడ్వైజరీ సంస్థల (ఒప్పందం కుదిరేదాకా సలహా ఇచ్చేవి) ప్యానెల్ ప్రకటించింది. వడపోత మొదటి దశ అక్కడే అయిపోయింది కాబట్టి వారి మధ్యే పోటీ పెడితే నెలలు కలిసొచ్చేవి. సలహాదారు ఖర్చుకు సాయం చేసే పథకం కూడా అదే ఏడాది నోటిఫై అయింది, ఒక ప్రాజెక్టుకు 5 కోట్ల వరకు. రాష్ట్ర సంస్థలూ అడిగే వీలుండేది. బస్టాండు స్థలం అభివృద్ధికో, చెత్త నుంచి విద్యుత్ ప్లాంటుకో సలహాదారును వెతుకుతున్నవారు సొంత టెండరు రాసేముందు ఈ తలుపు ఇప్పుడు తెరిచి ఉందేమో చూసి తట్టాలి.

ఫీజు ఎలా కట్టాలి

సంస్థ ఎంపిక ఎంత ముఖ్యమో ఇదీ అంతే. పనికింత అని ఒకే మొత్తం, మనిషి-నెలల లెక్క, నెలనెలా రిటైనర్, తెచ్చిన డబ్బులో శాతం. మొదటిది నివేదికలకు, రెండోది పని ఎంత సాగుతుందో తెలియని చోట. చివరిదాని దగ్గర ఆగాలి.

బాండ్ల సంగతే తీసుకోండి. జీహెచ్‌ఎంసీ 2018 ఫిబ్రవరిలో 200 కోట్లు 8.90 శాతం వడ్డీకి తెచ్చింది. అదే ఏడాది ఆగస్టులో 195 కోట్లు 9.38 శాతానికి, 2019 ఆగస్టులో 100 కోట్లు 10.23 శాతానికి. సీఆర్‌డీఏ 2018 ఆగస్టులో 2,000 కోట్లు 10.32 శాతానికి, విశాఖ నగరపాలక సంస్థ ఆ డిసెంబరులో 80 కోట్లు 10 శాతానికి తెచ్చాయి. ఈ తేడాలన్నీ సలహాదారుల పుణ్యమో పాపమో కాదు. అప్పు తీర్చే సత్తాకు ఏజెన్సీలు ఇచ్చే రేటింగు, ఆదాయ హామీ, మార్కెట్ పరిస్థితి కలిసి నిర్ణయించాయి. 2018 సెప్టెంబరు ప్రాంతంలో మౌలిక సదుపాయాలకు అప్పులిచ్చే ఐఎల్‌ఎఫ్‌ఎస్ చెల్లింపులు ఆగిపోయాక అప్పుల మార్కెట్ మొత్తం బిగిసింది. కానీ లెక్క చూడండి. 200 కోట్ల మీద పావు శాతం వడ్డీ అంటే ఏడాదికి 50 లక్షలు. సలహాదారు ఫీజు 0.1 శాతం అయితే 20 లక్షలు, అదీ ఒక్కసారే. ఫీజులో 5 లక్షలు మిగిల్చామని సంబరపడి, ఎప్పుడు మార్కెట్‌కు వెళ్లాలో చెప్పలేని సంస్థను తీసుకుంటే పదేళ్లు వడ్డీ కడతాం.

తెచ్చిన మొత్తంలో శాతం ఫీజు అయినప్పుడు సలహాదారుకు ఇష్యూ ముగియడమే కావాలి. ఈ నెల వద్దు, మూడు నెలలు ఆగుదాం అని చెప్పే ప్రోత్సాహం ఆ మనిషికి ఉండదు. నా మాట ఏమిటంటే, ఫీజులో సగానికి పైగా రేటింగు సన్నద్ధత, ఖాతాల పరిశీలన, పత్రాల తయారీ దశలకు కట్టేయాలి. ఆ తర్వాత ఇష్యూ జరిగినా జరగకపోయినా ఆ డబ్బు వారిదే. మిగిలిన భాగమే విజయ ఫీజు. వద్దు అని చెప్పగలిగే స్వేచ్ఛకు మనం కట్టే ధర అది. అప్పట్లో కేంద్రం పట్టణాలకు పెట్టిన అమృత్ పథకం కింద ప్రతి 100 కోట్ల బాండ్లకు 13 కోట్లు, గరిష్ఠంగా 26 కోట్లు ప్రోత్సాహకం వచ్చేది. ఆ ఆశ ఉన్నప్పుడు ఆగుదాం అనేవారి గొంతు మరీ సన్నగా వినిపిస్తుంది.

అప్పు తెచ్చిపెట్టే సంస్థే అప్పు అవసరమా కాదా అని తేల్చకూడదు. ఆ రెండు పనులూ ఒకరికే ఇస్తే జవాబు ముందే తెలిసిపోతుంది. అలాగే మనకు సలహా ఇచ్చే సంస్థ రేపు అదే ప్రాజెక్టుకు బిడ్ వేసే కంపెనీకి సలహాదారు కాకూడదు. ప్రయోజనాల వైరుధ్యం లేదన్న ప్రకటన మీద సంతకం తీసుకోవడంతో సరిపెట్టకుండా, గత మూడేళ్ల ఖాతాదారుల జాబితా అడగండి. ఇవ్వడానికి ఇబ్బంది పడేవారు అందులో ఏముందో వారే చెప్పినట్టు.

పన్ను దగ్గర ఒక చిన్న మెలిక. స్థానిక సంస్థకు రాజ్యాంగం అప్పగించిన విధులకు సంబంధించి అందే కేవల సేవలకు (సరుకు కలవని సేవలకు) జీఎస్టీ మినహాయింపు ఉంది. రోడ్డు, నీరు, పారిశుద్ధ్యం లాంటి విధులకు సంబంధించిన సలహా అయితే 18 శాతం కట్టాల్సిన పని ఉండకపోవచ్చు. ప్రభుత్వ కంపెనీలకు ఈ సౌకర్యం లేదు. ధరల పోలిక జీఎస్టీ లేకుండానా, కలిపా అన్నది టెండరులో రాయకపోతే ఒకరు కలిపి కోట్ చేస్తారు, మరొకరు కలపరు. ఆ రోజు గదిలో జరిగే వాదన నేను విన్నాను, మీకు వద్దు.

నన్ను అడిగితే

చిన్న పురపాలికలో రిటర్నులు, రోజువారీ లెక్కలు: సేవగా చూసి ఎల్-1. ప్రభుత్వ ఆన్‌లైన్ అంగడి జెమ్‌లో దొరికితే అక్కడే. పాత ఖాతాల మార్పిడి: బడ్జెట్ ముందే చెప్పి నాణ్యతకు ఇచ్చేయండి. అంతర్గత ఆడిట్: కనీస ఫీజు రాసి, సమానమైతే మార్కులతో తేల్చండి. బాండ్లు, ఆస్తుల లీజు, పెద్ద అప్పుల పునర్వ్యవస్థీకరణ: క్యూసీబీఎస్, 75 కనీస మార్కులతో, 80:20. రేటింగు ఏజెన్సీని మాత్రం ఎంత రేటింగు ఇస్తారని అడిగి ఎంచుకోకండి. సంవత్సరానికి ఒకసారి వచ్చే ఏ పనికీ బయటివారిని పెట్టకముందు, ఇంట్లో ఒక మంచి అకౌంట్స్ ఆఫీసరును డిప్యుటేషన్ మీద తెచ్చుకోగలమా అని చూడండి. సలహా అర్థం చేసుకునే మనిషి లోపల లేకపోతే ఎంత మంచి నివేదికైనా అలమరాలో పడుకుంటుంది.

టెండరు పత్రంలో చివరగా, అప్పగించాల్సిన వాటి జాబితా మీద పది నిమిషాలు ఎక్కువ పెట్టండి. ఒకసారి మేము "ఆర్థిక నమూనా" అని మాత్రమే రాశాం. సలహాదారు ఇచ్చినది 64 పేజీల పీడీఎఫ్. రెండు నెలలకు బ్యాంకు వడ్డీ రేటు అర శాతం పెంచింది. వాయిదా ఎంతవుతుందో చూద్దామంటే కాగితంలో అంకెలు ఉన్నాయి, వెనక సూత్రాలు లేవు. అడిగితే ఎక్సెల్ ఫైలు పంపారు, దానికి తాళం. పాస్‌వర్డ్ అడిగితే అది తమ మేధో సంపత్తి అన్నారు, మార్పులు కావాలంటే అదనపు ఫీజుకు ఉత్తరం రాయమన్నారు. ఆ రాత్రి మా జూనియర్ అకౌంటెంట్, నేను పీడీఎఫ్ ముందు పెట్టుకుని, ఒక్కో వరుసనూ తిరిగి ఎక్సెల్‌లో ఎక్కించాం. పదకొండున్నరకు వాయిదా తేలింది. ఆ తర్వాతి టెండరు నుంచి జాబితాలో ఒక వరుస చేర్చాం: "ఆర్థిక నమూనా, ఎక్సెల్ రూపంలో, సూత్రాలన్నీ కనిపించేలా, తాళం లేకుండా, మా సిబ్బంది ఇద్దరికి రెండు రోజుల శిక్షణతో. ఇది అందాకే చివరి 20 శాతం ఫీజు."